చదువు యూనివర్సిటీలో... సాక్ష్యం మన ఊళ్లో!

1946-51 పోరాట కాలంపై పరిశోధన ఎలా సాగుతుంది? పల్లెలు చేయగల సాయమేమిటి?

మన పల్లెల్లో పెద్ద వయసు వారిని ఏ సంవత్సరంలో పుట్టారని అడిగితే అంకె చెప్పరు. "రజాకార్ల జమానాలో నేను పశులు కాసేటోణ్ణి" అంటారు. "పోలీసు యాక్షన్ అయినప్పుడు మా చెల్లె తొట్లెల ఉన్నది" అంటారు. ఆ రోజులు వారికి పుట్టినరోజు కాగితం లాంటివి. పెళ్లి ఎప్పుడయింది, ఇల్లు ఎప్పుడు కట్టారు, బావి ఎప్పుడు తవ్వారు అన్నది అంతా ఆ జమానాకు ముందూ వెనకా అని లెక్క పెట్టుకుంటారు.

ఆ జమానా ఇవాళ యూనివర్సిటీలో పాఠం. నల్లగొండ, సూర్యాపేట, జనగామ, వరంగల్ ప్రాంతాల పల్లెల నుంచి వెళ్లిన పిల్లలే ఎం.ఎ. చరిత్రలో దాన్ని చదువుతున్నారు. కొందరు దానిపైనే పరిశోధన చేస్తున్నారు. సెలవులకు ఇంటికి వచ్చి, సంచిలో నుంచి నోటు పుస్తకం తీసి, అరుగు మీద కూర్చున్న తాతను ప్రశ్నలు అడుగుతున్నారు. "తాత చెప్పే ముచ్చటే కదా, దానికి యూనివర్సిటీ దాకా పోవాల్నా?" అని ఊళ్లో నవ్వేవారూ ఉన్నారు.

ప్రశ్న సబబైనదే. దానికి జవాబు చెప్పాలంటే ఆ చదువు ఎలా సాగుతుందో తెలియాలి.

ఆ అయిదేళ్లలో ఏం జరిగింది?

కథ తెలిసిందే అయినా తేదీలతో ఒకసారి చూసుకుందాం. ఆనాటి హైదరాబాద్ సంస్థానంలో 16 జిల్లాలు. వాటిలో తెలుగువి ఎనిమిది, మరాఠీవి అయిదు, కన్నడానివి మూడు. 1941 జనాభా లెక్కల ప్రకారం కోటీ 60 లక్షలకు పైగా జనం. భూమిలో నూటికి సుమారు 60 వంతులు సర్కారుకు శిస్తు కట్టే దివానీ భూమి. 30 వంతులు జాగీర్లు. మిగిలిన పది వంతులు నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. దివానీ ఊళ్లలోనూ పెత్తనం దేశ్‌ముఖ్‌లదీ, పటేల్ పట్వారీలదీ. గడికి ప్రతి కులమూ వెట్టి చేయవలసిందే.

ఇంతలో 1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎక్కడో జరిగిన యుద్ధం మన గాదెల దాకా వచ్చింది. ధరలు పెరిగాయి. సర్కారు లెవీ ధాన్యం పెట్టింది. చిన్న రైతు గాదె ఊడ్చి కొలిచి ఇచ్చేవాడు. గడిలోని ధాన్యం మాత్రం లెక్కకు అందేది కాదు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సమావేశం జరుపుకొన్న ఆంధ్ర మహాసభ మొదట చదువుకున్నవారి సభ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు దిగింది. అణా పెట్టగలిగిన కూలీ, రైతూ సభలో చేరారు. అదే పల్లెవారి నోట "సంగం" అయింది.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. అదే ఏడు నవంబర్ 29న నిజాముకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. ఒప్పందం కాగితం మీద ఉండగానే కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు పెరిగాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఘోరం జరిగింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం నాలుగు వైపుల నుంచి సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం యుద్ధ విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు.

పల్లెల్లో మాత్రం పోరు అప్పటితో ఆగలేదు. దళాలకూ సైన్యానికీ మధ్య మరో మూడేళ్లు సాగింది. 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. ఈలోగా 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1952లో మొదటి సాధారణ ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ ఎన్నికల్లో ఆయనకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి.

ఇంతవరకు బడి పిల్లవాడూ చెబుతాడు. యూనివర్సిటీ చదువు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఒకే కాలం, పుస్తకానికో మాట

విద్యార్థికి మొదట ఎదురయ్యేది పుస్తకాల గుట్ట. అవి ఒకదానితో ఒకటి పొసగవు.

పుచ్చలపల్లి సుందరయ్య రాసిన తెలంగాణ పోరాట గ్రంథం 1972లో వచ్చింది. సుమారు 3,000 గ్రామాల్లో ప్రజా రాజ్యం ఏర్పడిందనీ, 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయిందనీ, 4,000 మంది ప్రాణాలు కోల్పోయారనీ ఆయన లెక్క. మరుసటి ఏడు, 1973లో, రావి నారాయణరెడ్డి తన జ్ఞాపకాలు ప్రచురించారు. ఇద్దరూ ఒకే పోరాటానికి నాయకులు. అయినా పోలీసు యాక్షన్ తరువాత తుపాకి దించవలసిందని ఒకరి వాదం, దించితే వచ్చిన భూమి తిరిగి దొర పాలయ్యేదని మరొకరి వాదం.

ఇక అవతలి పక్షం పుస్తకాలున్నాయి. భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాద్‌లో ఉన్న కె.ఎం. మున్షీ 1957లో ఒక పుస్తకం రాశారు. నిజాం చివరి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ పాకిస్తాన్ వెళ్లిన తరువాత 1962లో మరొకటి రాశారు. ఒకరికి విజయమైనది మరొకరికి విషాదం. ఒకే సమావేశం గురించి ఇద్దరూ రాస్తే, ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారా అని అనుమానం వస్తుంది.

ఊళ్లో పంచాయితీ చేసే పెద్దమనిషికి ఇది కొత్త కాదు. గట్టు తగాదాలో ఇద్దరు రైతులూ దేవుడి మీద ఒట్టు పెట్టుకుని రెండు రకాలుగా చెబుతారు. ఇద్దరూ అబద్ధమాడుతున్నారని అనుకోనక్కరలేదు. ఎవరు ఎక్కడ నిలబడి చూశారు, ఎవరికి ఏం నష్టం వచ్చింది, ఎప్పుడు చెబుతున్నారు అన్నది చూడాలి. పక్క పొలం వాణ్ణి పిలవాలి. కాగితం తెప్పించాలి. చివరికి పోయి గట్టు చూడాలి. చరిత్ర విద్యార్థి పని అచ్చంగా ఇదే. తేడా ఏమంటే, అతని పంచాయితీలో ఫిర్యాదిదారులు చాలామంది చనిపోయారు.

అంకెల తగాదా

బైరాన్‌పల్లి సంగతే తీసుకోండి. ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉన్న ఆ ఊరి బురుజు ఇప్పటికీ ఆనాటి కథకు సాక్షిగా నిలిచి ఉంది. చనిపోయిన వారెందరు? ఒక పుస్తకంలో 80 పైచిలుకు, మరోచోట 90 పైచిలుకు, ఇంకోచోట 118. ఏది నిజం అని కొట్లాడుకోవడం తేలిక. విద్యార్థి ముందుగా వేరే ప్రశ్న వేసుకోవాలి. లెక్క పెట్టినవారు ఎవరిని లెక్క పెట్టారు? ఆ ఒక్కరోజు పోయినవారినేనా, అంతకు ముందు దాడుల్లో పోయినవారినీ కలిపారా? తల దాచుకోను వచ్చిన పొరుగూరి వారిని ఏ ఊరి ఖాతాలో రాశారు? పక్కనున్న కూటిగల్ మృతులను కలిపారా? పేర్ల పట్టిక ఉంటే తగాదా సగం తీరుతుంది. ఆ పట్టిక ఢిల్లీలో దొరకదు, ఊళ్లోనే తయారు కావాలి.

దీనికంటే పెద్ద అంకె మరొకటి ఉంది. చాలాకాలం దాని గురించి మాట్లాడనే లేదు. పోలీసు యాక్షన్ సమయంలోనూ, ఆ వెంటనేనూ సంస్థానంలో ముస్లింలపై జరిగిన హత్యాకాండను విచారించేందుకు భారత ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా అది పర్యటించింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా కట్టింది. ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. పొరుగున ఉన్న ముస్లింలను కాపాడిన హిందువుల సంగతి కూడా ఆ బృందం రాసింది. కానీ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల తరబడి బయట పెట్టలేదు. 2013 ప్రాంతంలో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులకు అందుబాటులోకి రాలేదు.

అంటే 2013కు ముందు పుస్తకం రాసిన చాలామంది ఆ నివేదికను చూడనే లేదు. ఒక్క కాగితం బయటపడితే పాత పుస్తకాలను మళ్లీ చదవవలసి వస్తుంది. చరిత్ర చదువు ఎన్నటికీ "అయిపోయింది" అనిపించుకోకపోవడానికి కారణం ఇదే.

ఉర్దూ కాగితం, ఫసలీ సంవత్సరం

రెండో చిక్కు భాషది. నిజాం సర్కారు కాగితం ఉర్దూలో నడిచింది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా బోధన ఉర్దూలోనే జరిగేది. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొడితే నాగపూర్ పోయి చదువుకున్నారు. వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆనాటి విద్యార్థికి ఉర్దూ తప్పనిసరి. ఈనాటి విద్యార్థికి ఆ లిపి రాదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పత్ర భాండాగారంలో ఫైలు ఎదురుగా ఉన్నా అది మూసిన తలుపే. ఆ కాలంపై పరిశోధన చేయాలనుకునే పిల్లలు ముందు ఆరు నెలలు ఉర్దూ చదవడం నేర్చుకోవాలి. ఇంకో దారి లేదు.

లిపి వచ్చినా తేదీ దగ్గర పప్పులో కాలు వేయవచ్చు. పాత కాగితంలో ఏడు ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అయితే హైదరాబాద్ ఫసలీ అక్టోబర్‌లో ఆజూర్ మాసంతో మొదలయ్యేది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. నెల చూడకుండా ఊరికే 1947 అని రాస్తే, పోలీసు యాక్షన్ నాటి సంఘటన ఏడాది ముందుకు జరిగిపోతుంది.

డబ్బు సంగతీ అంతే. కాగితంలో నూరు రూపాయల అప్పు అని ఉంటే అది హాలీ సిక్కానా, ఇంగ్లీషు సర్కారు కల్దారా అని చూడాలి. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్లకు సమానం. ఊరి పేరుతో కూడా జాగ్రత్త అవసరం. జనగామ ఆనాడు నల్లగొండ జిల్లాలోని తాలూకా. ఖమ్మం 1953 దాకా వరంగల్‌లో భాగం. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే సగం ఫైళ్లు కనబడవు.

పహాణీ కూడా చరిత్ర పుస్తకమే

ఇక రైతుకు బాగా తెలిసిన కాగితాల దగ్గరికి వద్దాం. సేత్వార్, ఖాస్రా పహాణీ, సేసాల పహాణీ, ఫైసల్ పట్టీ. భూమి తగాదా వచ్చినప్పుడు తాసిల్దారు కచేరీ చుట్టూ తిరిగి నకలు తీసుకునే కాగితాలు. వీటిని చరిత్ర విద్యార్థి మరో కన్నుతో చూస్తాడు.

విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు ఉండేవని పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ మాట నిజమో కాదో తేల్చడం ఎలా? ఆ ప్రాంతపు ఊళ్ల సేత్వార్లు ఒక్కొక్కటే తీసి, ఎవరి పేరున ఎంత భూమి ఉందో కూడాలి. బంధువుల పేరున, జీతగాళ్ల పేరున పెట్టింది ఎంతో ఊళ్లో అడగాలి. ఆ తరువాత 1954-55 నాటి ఖాస్రా పహాణీ పక్కన పెట్టాలి. 1948లో సంగం పంచిన భూమి ఆరేళ్ల తరువాత ఎవరి పేరున ఉంది? సాగు చేస్తున్నది ఎవరు? దున్నేవాడి పేరు రక్షిత కౌలుదారుగా ఎక్కిందా, లేక మళ్లీ దొర పేరే ఉందా?

పంచిన భూమిలో ఎంత నిలిచింది, ఎంత పోయింది అనే ప్రశ్నకు ఉపన్యాసాల్లో జవాబు దొరకదు. ఊరూరా పహాణీలు సరిచూస్తేనే దొరుకుతుంది. ఒక విద్యార్థి ఒక్క ఊరి లెక్క తేల్చినా అది నూరు ఉపన్యాసాల పెట్టు.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. పాత దఫ్తరాలు కొన్ని కచేరీలకు చేరాయి. కొన్ని ఇళ్లలోనే అటకల మీద మిగిలాయి. చెద పట్టినవి కొన్ని, గృహ ప్రవేశమప్పుడు పాత సామానుతో పాటు తగలబెట్టినవి కొన్ని. కొత్త పాసు పుస్తకం వచ్చిందని పాత కాగితం పారేసిన ఇళ్లకూ కొదవ లేదు. పొలం హక్కుకు ఆ కాగితంతో ఇక పని లేకపోవచ్చు. ఊరి చరిత్రకు దానితో పని అప్పుడే మొదలవుతుంది.

తాతమ్మ మాట

కాగితం అంతా చెబుతుందా అంటే చెప్పదు. వెట్టి చేసినవారి పేరు పహాణీలో ఉండదు. దళానికి రాత్రి పూట బువ్వ మోసుకుపోయిన ఆడమనిషి పేరు ఏ ఫైలులోనూ ఉండదు. ఉన్నా పోలీసు ఫైలులో "అనుమానితురాలు" అని మాత్రమే ఉంటుంది.

1980 దశకంలో హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఈ లోటును గుర్తించారు. పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు పోయి వారి మాటలను టేపులో ఎక్కించారు. 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వెలువడింది. తుపాకి పట్టి దళంలో తిరిగినవారు, పిల్లలను ఇతరుల దగ్గర వదిలి అడవికి పోయినవారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. దొరల మీద కోపమే కాదు, సొంత పార్టీ మీద ఫిర్యాదులూ చెప్పారు. పోరాటం ముగిశాక తమను మళ్లీ వంటింటికి పొమ్మన్న బాధా చెప్పారు. నాయకులు రాసిన పుస్తకాల్లో ఈ ముచ్చట కనబడదు.

పాలకుర్తి చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన పొలంలో పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వస్తే సంగం అండతో నిలబడి ధాన్యం ఇంటికి చేర్చుకున్నది. ఆమె 1985లో కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆ ఆవరణలోని పాత భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ నివాసం. తెల్లదొర ఉన్న చోట ఇవాళ పల్లెటూరి రైతు మహిళ పేరుతో ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

అయితే నోటి మాటనూ యథాతథంగా రాసుకుంటే చాలదు. డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి జ్ఞాపకంలో తాను చూసినదీ, ఇతరులు చెప్పగా విన్నదీ, పాటలో విన్నదీ, "మా భూమి" సినిమాలో చూసినదీ కలిసిపోతాయి. అందుకే "రజాకార్లు ఏం చేసిన్రు?" అని అడిగితే ఉపయోగం తక్కువ. "ఆ రోజు మీరు ఏ ఇంట్లో ఉన్నరు? పంట చేలో ఉన్నదా, ఇంటికి వచ్చిందా? ముందుగాల ఎవరు వచ్చి చెప్పిన్రు?" అని అడగాలి. పంట గుర్తుంటే నెల తెలుస్తుంది. బిడ్డ వయసు గుర్తుంటే ఏడు తెలుస్తుంది. మనిషి తేదీ మరచిపోతాడు, జొన్న కంకి పాలు పోసుకున్న రోజులను మరచిపోడు.

పెదవి విప్పని ఇళ్లు

ప్రతి ఊళ్లో పెదవి విప్పని ఇళ్లు కొన్ని ఉంటాయి. గడిలో గుమాస్తాగా చేసినవారి ఇల్లు. కొడుకు రజాకార్లలో చేరిన ఇల్లు. ఏ పాపం ఎరుగకపోయినా 1948 సెప్టెంబర్ తరువాత భయంతో ఊరు విడిచిన ముస్లిం కుటుంబం ఇల్లు. పోలీసులకు వార్తలు మోస్తున్నాడన్న అనుమానంతో దళం చంపిన మనిషి ఇల్లు. మిలిట్రీ క్యాంపుకు తీసుకుపోగా తిరిగి రాని మనిషి ఇల్లు. వారి మనుమలు, మునిమనుమలు ఊళ్లో అందరితో కలిసి బతుకుతున్నారు. పాత గాయాన్ని కెలికితే పగలు రేగుతాయన్న భయం వారికి ఉండడం సహజం.

కానీ ఆ ఇళ్ల ముచ్చట లేకుండా రాసినది సగం చరిత్ర. ఆ కాలాన్ని కేవలం రెండు మతాల కొట్లాటగా చెప్పేవారికి ఆనాటి పేర్లే జవాబు చెబుతాయి. 1940లో కామారెడ్డిగూడెంలో భూమి తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి హత్యకు గురైనవాడు షేక్ బందగీ. భారతదేశంలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో హత్యకు గురైన "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖాన్. నిజాం మీద పోరుకు పిలుపు ఇచ్చిన ముగ్గురిలో ఒకరు మఖ్దూం. మరోవైపు, పల్లెల్లో వెట్టి చేయించుకున్న దేశ్‌ముఖ్‌లలో ఎక్కువమంది హిందువులు.

సెప్టెంబర్ 17 వచ్చిందంటే ఏటా పేరు మీద రగడ. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమనీ, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమనీ ఒకే నగరంలో వేరువేరుగా జరిపాయి. విద్యార్థి ఒక పేరు ఎంచుకోవద్దని ఎవరూ అనరు. ఎంచుకునే ముందు మిగతా రెండు పేర్లు పెట్టినవారి ఇంటి తలుపూ తట్టాలి. యూనివర్సిటీ నేర్పవలసిన మర్యాద ఇది.

బిట్ల చదువు చాలదు

2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక పోటీ పరీక్షల్లో తెలంగాణ చరిత్రకు చోటు పెరిగింది. మంచిదే. కొమరయ్య ఎప్పుడు అమరుడయ్యాడు, భువనగిరి సభకు అధ్యక్షుడెవరు అన్నవి పల్లె యువకులకు నోటికి వచ్చాయి. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి గీత పెట్టే చదువులో ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు ఉంటుంది. బైరాన్‌పల్లిలో ఎందరు పోయారన్న ప్రశ్నకు ఒక అంకె గుర్తుంచుకుంటే మార్కు వస్తుంది. ఆ అంకెలు ఎందుకు తేడా ఉన్నాయో అడిగితే మార్కు రాదు.

ఉద్యోగం కోసం బిట్లు చదవక తప్పదు. అందులో తప్పు లేదు. అయితే మార్కు రాని ఆ రెండో ప్రశ్న అడగడం నేర్చినవాడు రేపు ఊళ్లో ఎవరో ఫోనులో పంపిన వార్తనూ అడుగుతాడు. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? కాగితం ఉందా? అని. "ఈ చదువుకు కొలువు వస్తుందా?" అని అడిగే తల్లిదండ్రులకు ఇంతకంటే నికరమైన జవాబు లేదు. కొలువు వచ్చినా రాకపోయినా, ఈ పిల్లను, ఈ పిల్లవాణ్ణి మోసం చేయడం కష్టం.

ఊరు చేయగలిగినది

1948లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు ఎనభై అయిదు దాటినవారు. దళాల్లో తిరిగిన తరం దాదాపు వెళ్లిపోయింది. మల్లు స్వరాజ్యం 2022 మార్చిలో మరణించారు. ఊళ్లో మిగిలినవారు ఒకరో ఇద్దరో. వారి మాట వినడానికి యూనివర్సిటీ వారు ప్రతి ఊరికీ రాలేరు. ఊరివారే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

ఇంట్లో పెద్దలు ఉంటే వారి మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేయండి. మొదట వారి పేరు, ఊరు, తారీఖు చెప్పించండి. మధ్యలో అడ్డు తగలకండి. వద్దన్న సంగతి బయట పెట్టకండి.

పాత పెట్టెలో ఉర్దూ కాగితం, జైలు కాగితం, కౌలు సర్టిఫికెట్, పాత ఫోటో ఉంటే పారేయకండి. ఫోటో వెనుక పేర్లు పెన్సిలుతో రాయండి. అసలు కాగితాన్ని ఎవరికీ ఇవ్వవద్దు. చదువుకునే పిల్లలకు ఫోటో తీసుకోనివ్వండి, అది చాలు.

ఊరి బడి పిల్లలతో మృతుల పేర్ల పట్టిక రాయించండి. అన్ని వాడల వారినీ, అన్ని పక్షాల వారినీ అందులో చేర్చండి. ఎవరు చంపారన్న వాదం తరువాత. ముందు మనిషి పేరు, తండ్రి పేరు, వాడ. స్తూపం మీద చోటు దొరకని పేర్లకు నోటు పుస్తకంలోనైనా చోటు దొరకాలి.

చదువుకునే పిల్లల వంతు కూడా ఉంది. ఊరి నుంచి తీసుకుపోయినదాన్ని ఊరికి తిరిగి ఇవ్వాలి. సిద్ధాంత వ్యాసం ఇంగ్లీషులో రాసి డిగ్రీ తీసుకుంటే పని అయిపోదు. పది పేజీలు తెలుగులో రాసి గ్రామ పంచాయతీలోనో, బడిలోనో ఒక ప్రతి ఉంచాలి. తప్పు ఉంటే ఊరివారే దిద్దుతారు. అంతకంటే గట్టి పరీక్షకులు యూనివర్సిటీలో కూడా దొరకరు.

యూనివర్సిటీలు కూడా ఒక్క అడుగు వేయాలి. చరిత్ర విద్యార్థులకు ఉర్దూ లిపి నేర్పే ఏర్పాటు చేయాలి. ప్రతి విద్యార్థి తన సొంత ఊరిపై ఒక చిన్న నివేదిక రాసేలా చూడాలి. తాసిల్దారు కచేరీలలోని పాత దఫ్తరాలు చెదలపాలు కాకుండా జిల్లా అధికారులు శ్రద్ధ వహించాలి.

దసరాకు పిల్లలంతా ఊరికి వస్తారు. జమ్మి ఆకు పెట్టి పెద్దల కాళ్లకు మొక్కుతారు. ఆ రోజు తాత పక్కన ఒక గంట ఎక్కువసేపు కూర్చుని, గడి ముందర మొదటిసారి చెప్పులు వేసుకుని నడిచింది ఎవరో, ఏ పంట కాలంలోనో అడిగి రాసుకుంటే మేలు. వచ్చే దసరాకు చెప్పేవారు ఉంటారో లేదో.